చీము పట్టిన పుండుకు అతికే హైడ్రోజెల్: మన దాకా ఎంతవరకు వచ్చింది?

తణుకు_కుర్రాడు

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి చాలా ఏళ్ల నుంచి షుగర్ ఉంది. కుడి అరికాల్లో బొటనవేలి మొదట్లో ఆనెకాయ కాసి, అది పగిలి పుండు పడింది. ఊళ్లోనే డ్రెస్సింగ్ చేయిస్తున్నాం. రసి ఆగడం లేదు, ఈ మధ్య వాసన కూడా మొదలైంది. ఆయనేమో నొప్పి లేదు కదా అంటూ చెప్పులేసుకుని పొలానికి వెళ్లొస్తున్నారు.

నిన్న ఒక వీడియో చూశాను. తడిగా ఉన్న మాంసం ముక్క మీద పారదర్శకంగా ఉన్న హైడ్రోజెల్, అంటే ఎక్కువ భాగం నీళ్లే ఉండే జెల్, పెట్టి కాసేపు నొక్కి పట్టుకున్నారు. తర్వాత పట్టుకుని లాగితే మాంసం సాగుతోంది గానీ జెల్ ఊడి రావడం లేదు. ఇన్ఫెక్షన్ ఉన్న గాయాన్ని కూడా కుట్లు లేకుండా మూసేసి, లోపలి బాక్టీరియాను చంపి మాన్పుతుందని రాశారు. ఇది మన దగ్గర దొరుకుతుందా? ఎంతవుతుంది? నాన్నకు వాడొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పగలరు.

కుట్ల_డాక్టర్

తమ్ముడూ, ముందు నాన్నగారి సంగతి. షుగర్ పుండ్లు చూసే సర్జన్ దగ్గరికి ఇవాళో రేపో తీసుకెళ్లండి. నొప్పి లేదంటున్నారు చూడండి, నాకు ఎక్కువ భయం అక్కడే. నరాలు దెబ్బతిన్న పాదానికి లోపల చీము పాకుతున్నా తెలియదు. ఎరుపు పాదం మీదికి పాకినా, జ్వరమో చలో వచ్చినా, వేలు నల్లబడినా రేపటిదాకా ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

అక్కడ పాదంలో నాడి చూస్తారు, అంటే రక్తం అందుతోందా లేదా అని. మొద్దు మొన ఉన్న లోహపు పుల్లతో పుండు లోతు చూస్తారు. పుల్ల మొనకు గట్టిగా ఎముక తగిలితే ఎముకకూ ఇన్ఫెక్షన్ చేరిందేమోనని అనుమానించాలి. ఎక్స్‌రే తీస్తారు. పైపైన దూదితో అద్దిన రసి కాకుండా, పుండు శుభ్రం చేశాక అడుగు నుంచి చిన్న ముక్క తీసి కల్చర్‌కు, అంటే ఏ బాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్షకు, పంపితే మేలు. యాంటీబయాటిక్ దాన్ని బట్టి ఇస్తారు.

ఇక మీ ప్రశ్న. చీమున్న పుండును మూయకూడదు. సర్జరీలో చేరిన మొదట్లోనే మాకు నేర్పే పాఠం ఇది. మురికి గాయమైతే చచ్చిన కండ తీసేసి, బాగా కడిగి, తెరిచే ఉంచుతాం. కొన్ని రోజులు చూసి, అడుగు ఎర్రగా శుభ్రంగా ఉంటే అప్పుడు అంచులు కలుపుతాం. తొందరపడి పైన మూస్తే లోపలి చీముకు దారి ఉండదు, పక్కలకు, లోతుకు పోతుంది. కుట్టుతో మూసినా, జిగురుతో మూసినా జరిగేది అదే.

చర్మం అతికించడానికి ఆసుపత్రుల్లో ఇప్పటికే ఒక జిగురు ఉంది, సయనోఅక్రిలేట్. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దాని ఆక్టైల్ రకాన్ని 1998లో అనుమతించింది. శుభ్రమైన చిన్న గాయాలకు, పిల్లల నుదుటి దెబ్బలకు చక్కగా పనిచేస్తుంది. దాని వాడకం సూచనల్లోనే, ఇన్ఫెక్షన్ ఉన్నచోట, కుళ్లినచోట, పడక పుండ్లకు వాడొద్దని స్పష్టంగా ఉంటుంది. కాబట్టి వీడియోలో చెప్పిన మాట వింటే నాకు ముందు అనుమానమే వస్తుంది.

పాలిమర్_పిల్ల

డాక్టర్ గారూ, నమస్తే. నేను ఇలాంటి జెల్స్ మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను, మాది రొయ్య, పీత పొట్టు నుంచి తీసే కైటోసాన్ ఆధారిత జెల్. మీ మాటతో ఏకీభవిస్తూనే ఒక తేడా చెప్పాలి. పుండు అంచులు దగ్గరకు లాగి అతికించడం ఒక పని. పుండు పైన, చుట్టూ ఉన్న చర్మాన్ని పట్టుకుని కదలకుండా కూర్చునే కప్పు ఇంకో పని. మా రంగంలో పేపర్ల శీర్షికలు ఈ రెంటినీ ఒకే మాటలో కలిపేస్తాయి. అందుకే బయటివాళ్లకు చీము మీద మూత పెడుతున్నారేమో అనిపిస్తుంది.

వీడియోలోది ఏదో చూడకుండా చెప్పలేను గానీ, ఆ వర్ణనకు దగ్గరగా ఉన్నవి రెండు. 2017లో హార్వర్డ్‌లో డేవిడ్ మూనీ బృందం ఒక గట్టి జెల్ చేసింది. బెదిరినప్పుడు జిగట స్రవించే ఒక రకం నత్తను చూసి వచ్చిన ఆలోచన అది. జెల్ ఒంట్లో ఆల్జినేట్, పాలీఅక్రిలమైడ్ అనే రెండు పాలిమర్లు, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులు. అడుగున ధన విద్యుదావేశం ఉన్న కైటోసాన్ లాంటి పాలిమర్. ఈ పొర కణజాలంలోకి చొచ్చుకుని పట్టుకుంటుంది. పైనున్న జెల్ లాగుడును మింగేస్తుంది. పట్టు, సాగుడు రెండూ ఉండటమే అందులో గొప్పతనం. 2019లో ఎంఐటీలో షువాన్‌హే జావో బృందం పొడి టేపు చేసింది. తడి కణజాలం మీద పెట్టగానే అది ముందు పైనున్న నీటిని పీల్చేస్తుంది, తర్వాత అయిదు సెకన్లలోపే ప్రొటీన్లలో ఉండే అమైన్‌లనే నైట్రోజన్ గుంపులతో బంధాలు వేసుకుంటుంది.

తడి మీద ఏ జిగురూ ఎందుకు పట్టదంటే మధ్యలో పల్చటి నీటి పొర ఉంటుంది. దాన్ని తప్పించడమే అసలు కష్టం. సముద్రంలో రాళ్లను పట్టుకుని ఉండే మసెల్స్ అనే ఆల్చిప్పలు దీన్ని ఎప్పుడో సాధించాయి. వాటి కాలి ప్రొటీన్లలో డోపా అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉందని హెర్బర్ట్ వెయిట్ 1980ల మొదట్లో చూపించారు. డోపాలో ఉండే కాటెకాల్ అనే భాగం ఆ పట్టుకు ముఖ్య కారణం. ఇవాళ ఇన్ఫెక్షన్ గాయాల కోసం వస్తున్న అతుకు జెల్స్‌లో చాలావాటికి కాటెకాలే ఆధారం. దానికి కైటోసాన్, వెండి నానో కణాలు, యాంటీబయాటిక్, ఏదో ఒకటి కలుపుతారు.

సిస్టర్_డ్రెస్సింగ్‌రూమ్

అమ్మా పాలిమర్_పిల్లా, నేను వార్డులో, తర్వాత గాయాల ఓపీలో పనిచేసిన నర్సును. ఆ కాటెకాల్ జెల్ ఫొటోలు నేనూ చూశాను. ముదురు గోధుమ రంగులో, కొన్నయితే నల్లగా ఉన్నాయి. పుండు పైన నల్లటి జెల్ పెడితే లోపల ఏం జరుగుతోందో నాకెలా తెలుస్తుంది?

నేను కట్టు విప్పగానే మొదట చూసేది రంగు. అడుగు మాంసం రంగులో గింజలు గింజలుగా ఉంటే మానుతోందని. పసుపుపచ్చగా మెత్తటి పొర అంటుకుని ఉంటే ఇంకా తీయాల్సింది ఉందని. నల్లగా ఉంటే డాక్టర్ని పిలవాలి. కట్టు మీద ఆకుపచ్చ మరక, తియ్యటి వాసన ఉంటే సూడోమోనాస్ అనే బాక్టీరియా అని అనుమానం. గాజ్ ఎంత తడిసిందో కూడా చూస్తాను. పుండు చుట్టూ చర్మం నీళ్లలో నానిన వేళ్లలా తెల్లగా ముడతలు పడితే ఆ కట్టు రసిని పీల్చుకోవడం లేదని అర్థం. మీ జెల్‌లో ఎక్కువ భాగం నీళ్లే కదా. రసి బాగా కారే పుండు మీద అది ఇంకా ఏం పీలుస్తుంది?

మామూలు హైడ్రోజెల్ ట్యూబులు ఇప్పటికీ వాడుతున్నాం. అవి ఎండిపోయిన పుండుకు, గట్టిపడిన పొర మెత్తబడటానికి. కారే పుండుకు పెట్టం.

పాలిమర్_పిల్ల

అక్కా, ఈ ప్రశ్నలు మా ల్యాబ్ మీటింగుల్లో ఎవరూ అడగరు, నాకు చాలా ఉపయోగం.

పీల్చుకోవడం గురించి: పూర్తిగా ఉబ్బిన జెల్ ఇంక పీల్చదు, మీరన్నది నిజం. ఎండబెట్టిన పొరగానో పొడిగానో పెడితే అదే రసిని పీల్చుకుని జెల్‌గా మారుతుంది. ఎంఐటీ టేపు సూత్రం కూడా ఇదే. కానీ పీల్చిన కొద్దీ ఉబ్బుతుంది, ఉబ్బిన కొద్దీ పట్టు తగ్గుతుంది. వెన్నుపాము, మెదడు ఆపరేషన్లలో వాడే ఒక పాలీఇథిలీన్ గ్లైకాల్ జెల్ ఉంది, 2005లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది ఏ వైపుకైనా 50 శాతం దాకా ఉబ్బవచ్చని, నరాల పక్కన జాగ్రత్త అని దాని సూచనల్లోనే ఉంటుంది. పాదం పుండులో నరం నలిగే ప్రమాదం అంతగా లేకపోయినా, ఉబ్బిన జెల్ ముద్ద మీద మనిషి నడిస్తే పుండు మీదే ఒత్తిడి పడుతుంది.

రంగు గురించి: కాటెకాల్ ఆక్సీకరణ చెంది క్వినోన్ అయినప్పుడే అమైన్‌లతో బంధం వేసుకుంటుంది, ఆ క్రమంలోనే రంగు ముదురుతుంది. ఆ చర్యలో కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పుడుతుంది, బాక్టీరియాను అణచడానికి కొంత పనికొస్తుంది. నల్లటి జెల్ మీద ఇన్‌ఫ్రారెడ్ లేజర్ వేసి, వేడి పుట్టించి బాక్టీరియాను చంపే పద్ధతి మీద కూడా చాలా పేపర్లున్నాయి. నాకు అదంటే నమ్మకం తక్కువ. 50 డిగ్రీల దగ్గర బాక్టీరియాతోపాటు కొత్తగా పుడుతున్న కణాలూ దెబ్బతింటాయి. పైగా స్పర్శ లేని పాదానికి కాలుతున్నా తెలియదు.

కుట్ల_డాక్టర్

లేజర్ విషయంలో మీ మాటే నా మాట. స్పర్శ లేని పాదానికి వేడి ఏ రూపంలోనూ వద్దు. వేడినీళ్లలో కాళ్లు పెట్టి బొబ్బలతో వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాం.

నా ప్రశ్న బయోఫిల్మ్ గురించి. పాత పుండు అడుగున బాక్టీరియా విడివిడిగా తేలుతూ ఉండవు. తమ చుట్టూ తామే జిగట పొర అల్లుకుని గుంపులుగా ఉంటాయి. ఆ పొరలో ఉన్నవి యాంటీబయాటిక్‌కు మామూలు వాటికన్నా వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్ల దాకా ఎక్కువ తట్టుకుంటాయి. గీకి తీసేసినా ఒకటి రెండు రోజుల్లో మళ్లీ కట్టడం మొదలుపెడతాయి. మీ జెల్ ఆ పొర మీద కూర్చుంటుందా, కిందికి దిగుతుందా?

పాలిమర్_పిల్ల

నిజాయితీగా చెప్తే, ఎక్కువ భాగం పేపర్లలో బయోఫిల్మ్ ముదరకముందే జెల్ పెట్టేస్తారు. ఎలుక వీపు మీద గుండ్రంగా చర్మం కోసి, స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా చుక్క వేసి, ఒకటి రెండు రోజుల్లో జెల్ పెడతారు. నెలల తరబడి మానని షుగర్ పుండుకు అది ప్రతిరూపం కాదు.

ఇంకో సంగతి, ఎలుక చర్మం కింద పల్చటి కండర పొర ఉంటుంది. దానివల్ల గాయం ముడుచుకుని మూసుకుపోతుంది. మనకు ఎక్కువగా కింద నుంచి కొత్త మాంసం నిండి, అంచుల నుంచి చర్మం పాకి మానుతుంది. అందుకే కొందరు గాయం చుట్టూ రింగు కుట్టి, ముడుచుకోకుండా ఆపి పరీక్షిస్తారు. పంది చర్మం మనకు చాలా దగ్గర. గాయం తేమగా ఉంటే త్వరగా మానుతుందని జార్జ్ వింటర్ 1962లో చూపించింది కూడా పందుల మీదే. పాలిథీన్ పొర కప్పిన గాయాల మీద కొత్త చర్మం, గాలికి వదిలి చెక్కు కట్టిన వాటికన్నా దాదాపు రెట్టింపు వేగంతో పాకింది. ఇవాళ్టి హైడ్రోజెల్ డ్రెస్సింగులన్నిటికీ వెనక ఉన్న ఆలోచన అదే. కానీ ఆయన చూసినవి శుభ్రమైన పైపై గాయాలు.

ఒక చర్చ మా రంగంలో సరిగా జరగడం లేదని నా బాధ, పీహెచ్ గురించి, అంటే ఆమ్లమో క్షారమో చెప్పే కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఇన్ఫెక్షన్ ఉన్నచోట ఆమ్లత్వం ఎక్కువ, అక్కడ జెల్‌లోని బంధాలు తెగి మందు విడుదలవుతుంది అని చాలా పేపర్లు మొదలవుతాయి. అమైన్‌కు ఆల్డిహైడ్‌ను కలిపి చేసే జెల్స్‌లో ఆ బంధం ఆమ్లంలో తెగుతుంది, రసాయనంగా అది నిజమే. బాక్టీరియా దట్టంగా ఉన్న చిన్న చిన్న చోట్ల ఆమ్లం పోగవుతుంది, అదీ నిజమే. కానీ మానని పుండ్ల ఉపరితలం మీద కొలిస్తే పీహెచ్ సుమారు 7.2 నుంచి 8.9 దాకా, అంటే క్షారం వైపు వస్తుంది. మరి మందు విడుదల కావలసినంత కావాలంటే ఎలా?

కైటోసాన్‌కూ ఇదే చిక్కు. దానికి బాక్టీరియాను చంపే శక్తి ధన విద్యుదావేశం వల్ల వస్తుంది. పీహెచ్ సుమారు 6.5 దాటితే ఆ ఆవేశం చాలావరకు పోతుంది. అందుకే ఏ పీహెచ్‌లోనైనా ఆవేశం నిలిచేలా మార్చిన క్వాటర్నరీ కైటోసాన్‌తో నేను పనిచేస్తున్నాను. దాన్ని మరీ ఎక్కువగా మారిస్తే మన కణాలకూ హాని చేస్తుంది. ఆ రెంటి మధ్య సన్నటి దారి వెతకడమే నా థీసిస్.

రొయ్యల_చెరువు

మేడమ్, కైటోసాన్ రొయ్య పొట్టు నుంచే వస్తుందంటారు కదా. మాది భీమవరం పక్కన. రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రాయే దేశంలో మొదటిది. ప్రాసెసింగ్ ప్లాంట్ల నుంచి తలకాయలు, పొట్టు లారీలకు లారీలు వెళ్తాయి. దీన్ని మందుల స్థాయి సరుకుగా చేయడం అంత కష్టమా?

పాలిమర్_పిల్ల

చేయడం తెలిసిన పనే అండి. ఆమ్లంతో పొట్టులోని కాల్షియం తీసేయాలి, పల్చటి క్షారంతో ప్రొటీన్ తీసేయాలి, మిగిలేది కైటిన్. దాన్ని గాఢమైన కాస్టిక్ సోడాలో వేడి చేస్తే కైటోసాన్. కష్టమంతా ప్రతి బ్యాచ్ ఒకేలా రావడంలో ఉంది. గొలుసు పొడవు మారితే జెల్ గట్టిదనం మారుతుంది. ఎసిటైల్ గుంపులు ఎంత శాతం పోయాయో దాన్ని బట్టి విద్యుదావేశం మారుతుంది. గాయానికి వాడాలంటే బాక్టీరియా విషాలు, బరువైన లోహాలు కూడా హద్దులోపే ఉండాలి. పొట్టు ఎండలో కుళ్లిపోకముందే ప్లాంటుకు చేరితే సగం సమస్య తగ్గుతుంది. మీ వైపు ఎవరైనా ఐస్ మీద పంపగలిగితే దానికి విలువ వేరే.

రొయ్యల_చెరువు

చాలా థాంక్స్ మేడమ్. ఐస్ సంగతి ప్లాంటు వాళ్లతో మాట్లాడతాను. రొయ్యలు పడనివాళ్లకు ఆ జెల్ పెడితే దద్దుర్లు రావా?

పాలిమర్_పిల్ల

ఎలర్జీకి ముఖ్య కారణం ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్, అది ఎక్కువగా కండలో ఉంటుంది. బాగా శుద్ధి చేస్తే మిగలకూడదు. అయినా రొయ్యలు, పీతలు పడవని తెలిస్తే డాక్టరుకు ముందే చెప్పాలి.

టెక్సాస్_ఫార్మసీ

ఆలస్యంగా వచ్చాను. ఇక్కడ ఫార్మసిస్టుగా పనిచేస్తాను. అనుమతుల వైపు నుంచి ఒక మాట. కైటోసాన్ డ్రెస్సింగులకు అమెరికాలో 2000ల మొదట్లోనే దారి తెరుచుకుంది, యుద్ధంలో రక్తం ఆపడానికి వాడారు. అంటే పదార్థం కొత్తది కాదు. కానీ జెల్‌లో యాంటీబయాటిక్ కలిపి, ఇన్ఫెక్షన్‌ను తగ్గిస్తుంది అని రాసిన మరుక్షణం అది డ్రెస్సింగ్ కాదు, మందు. మందుకు ఉండే పరీక్షలన్నీ మనుషుల మీద చేయాలి. పేపర్లు వేలల్లో, మార్కెట్లో వస్తువులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండటానికి ఇదో పెద్ద కారణం.

తణుకు_కుర్రాడు గారూ, పాదాల పుండ్ల మీద మార్గదర్శకాలు ఇచ్చే అంతర్జాతీయ బృందం, ఐడబ్ల్యూజీడీఎఫ్, 2023లో స్పష్టంగా చెప్పింది: షుగర్ పాదం పుండు మానడం కోసమని యాంటీసెప్టిక్, యాంటీబాక్టీరియల్ డ్రెస్సింగులు వాడవద్దని. వెండి కలిపినవైనా సరే. మానుతాయనేందుకు తగిన ఆధారం లేదు.

చీరాల_సుబ్బు

మా నాయనమ్మ గడ్డి చామంతి ఆకు నలిపి రసం పిండేది, పైన పసుపు. చక్కగా మానేవి. ఇంత రసాయన శాస్త్రం అవసరమా?

సిస్టర్_డ్రెస్సింగ్‌రూమ్

బాబూ, కొడవలి గీరుకున్న గాయం, రక్తం బాగా అందే పిల్లవాడి కాలు, అది ఏం పెట్టినా మానుతుంది. ఈయన నాన్నగారిది ఆ గాయం కాదు. పసుపు, కాఫీ పొడి, సున్నం అద్దుకుని వచ్చిన పుండ్లను కడగడానికి నాకు పట్టే టైము, ఆ మనిషి పడే బాధ మీరు చూస్తే ఎవరికీ చెప్పరు. పొడి అడుగుదాకా దిగి గట్టిపడుతుంది. కింద మాంసం ఏ రంగులో ఉందో కనపడదు. దయచేసి ఈయనకు అది సలహాగా ఇవ్వకండి.

కుట్ల_డాక్టర్

సిస్టర్ గారికి ధన్యవాదాలు.

పాలిమర్_పిల్ల గారికి నా వైపు నుంచి ఒక కోరిక. మీ పేపర్లలో ఎంత బలంగా పట్టుకుందో గ్రాఫులుంటాయి. ఎంత సులువుగా వస్తుందో కూడా ఇవ్వండి. ఇన్ఫెక్షన్ ఉన్న పుండును నేను మళ్లీ మళ్లీ తెరిచి చూడాలి. అలా లాగినప్పుడల్లా కొత్తగా వచ్చిన పల్చటి చర్మం కూడా ఊడొస్తే, వారం రోజుల మానుడు ఒక్క నిమిషంలో పోతుంది. వయసు మళ్లినవాళ్ల చర్మం మామూలు ప్లాస్టర్‌కే చినుగుతుంది.

పాలిమర్_పిల్ల

దానిమీద మంచి పని జరుగుతోంది డాక్టర్ గారూ. 2020లో అదే ఎంఐటీ బృందం, జెల్‌కు కణజాలానికి మధ్య బంధంలో డైసల్ఫైడ్ లంకె పెట్టింది. సోడియం బైకార్బనేట్, గ్లూటాథయోన్ కలిపిన ద్రావణం పోస్తే కొద్ది నిమిషాల్లో ఆ లంకె తెగి, లాగకుండానే జెల్ విడిపోతుంది. నా అభిప్రాయంలో పట్టు కొత్త రికార్డులు కొట్టడం కన్నా ఇది ముఖ్యం. చర్మం మీద ఉండే కట్టుకు అంత భయంకరమైన పట్టు అవసరమే లేదు. నడిచినప్పుడు జారకుండా, అంచు నుంచి రసి లీక్ కాకుండా ఉంటే చాలు. ఇంకో ఆలోచన, జెల్‌ను చుట్టూ ఉన్న మంచి చర్మానికే అతికించి, పుండు మీద వచ్చే నడి భాగం అతుక్కోకుండా, రంధ్రాలతో, పారదర్శకంగా ఉంచడం. చీముకు దారీ ఉంటుంది, అక్క రంగూ చూడొచ్చు. సిస్టర్ అక్కా, మీకు వీలైతే ఎంత పెద్ద అంచు ఉంటే అరికాలి మీద నిలుస్తుందో చెప్పండి.

సిస్టర్_డ్రెస్సింగ్‌రూమ్

చెప్తాను. అరికాల్లో చెమట, పైగా వేళ్ల మొదట్లో వంపు. ఆ వంపు దగ్గరే ఏ కట్టయినా ముందు లేస్తుంది. గుండ్రటి ముక్క వద్దు, వేళ్ల సందుల్లోకి వెళ్లేలా కోసుకోగలిగే మెత్తటి పట్టీలా చేయండి. వెడల్పు ఎంతుండాలో బొమ్మలు గీసి పంపుతా.

తణుకు_కుర్రాడు

అందరికీ చాలా కృతజ్ఞతలు. డాక్టర్ గారు చెప్పినట్టే రాజమండ్రి తీసుకెళ్లాం. నాడి బాగానే ఉందన్నారు. పుల్లతో చూస్తే ఎముక తగల్లేదు, ఎక్స్‌రేలో కూడా ఎముక బాగుందన్నారు. చచ్చిన కండ, చుట్టూ ఉన్న ఆనె తీసేసి కడిగారు, ముక్క కల్చర్‌కు పంపారు, యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. పుండు తెరిచే ఉంచారు. నేను జెల్ గురించి అడిగాను. ఇన్ఫెక్షన్ తగ్గి, అడుగు ఎర్రబడ్డాక కూడా మానకపోతే గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ చూద్దామన్నారు. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ వాళ్లది ఒకటి ఉందట. అది వీడియోలో చూసిన అతుకు జెల్‌లాంటిదేనా?

కుట్ల_డాక్టర్

మంచి వార్త తమ్ముడూ. అది అతుకు జెల్ కాదు. చర్మ కణాలు పెరగమని చెప్పే ఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను మోసుకెళ్లే మామూలు జెల్. అమెరికాలో 1997లో అనుమతి వచ్చిన మరో జెల్‌లో పీడీజీఎఫ్ అనే అలాంటిదే ఇంకో ప్రొటీన్ ఉంటుంది. వరస అదే. చచ్చిన కండ తీసేసి, ఇన్ఫెక్షన్ అణిగి, రక్తం అందుతున్న పుండుకే ఇవి ఉపయోగం. మీ డాక్టర్ చెప్పిన క్రమం సరైనదే.

ఒక్కటి మీరు రాయలేదు. పాదం మీద బరువు పడకుండా ఏం ఇచ్చారు? పుండు పడింది ఒత్తిడి వల్ల. అదే చోట ఒత్తిడి పడుతున్నంత కాలం ఎంత మంచి జెల్ పెట్టినా మానదు. పాదానికి అచ్చుగా వేసే కట్టుగానీ, మోకాలి దాకా వచ్చే ప్రత్యేకమైన బూటుగానీ ఇస్తారు. ఇన్ఫెక్షన్ ఏ స్థాయిలో ఉందో చూసి ఏది, ఎప్పుడు అన్నది వాళ్లు నిర్ణయిస్తారు.

తణుకు_కుర్రాడు

దాని గురించి వచ్చేసారి మాట్లాడదామన్నారు అండీ. ప్రస్తుతానికి నడవొద్దన్నారు, కానీ ఇంట్లో బాత్రూముకి అవే రబ్బరు చెప్పులతో వెళ్తున్నారు.

కుట్ల_డాక్టర్

వచ్చేసారి దాకా ఆగకండి, రేపే ఫోన్ చేసి అడగండి. ఈలోపు వాకర్ పట్టుకుని మడమ మీద బరువేసి వెళ్లమనండి. వెళ్లేటప్పుడు ఆయన పొలానికి వేసుకెళ్లే చెప్పులు కూడా సంచిలో పెట్టుకెళ్లండి. అట్ట ఎక్కడ అరిగిందో డాక్టర్ చూడాలి.